లేసు మూలన పువ్వు

“ఆంటీ, మా అమ్మమ్మ లేసు పోయింది!” అంటూ నిఖిల మంచు బూట్లతోనే ఆఫీసులోకి వచ్చేసింది.

“ఆంటీ కాదు, డిటెక్టివ్‌ని. ముందు బూట్లు విప్పు,” అంది ఝాన్సీలక్ష్మి. కెనడాలోని రెజైనాకు స్టూడెంట్లు వరదలా వచ్చిపడుతున్న ఆ ఏడాది ఆమెకు దొరికినవన్నీ వాళ్లు అద్దెకుండే బేస్‌మెంట్ల కేసులే. ఎవరి పెరుగు ఎవరు తిన్నారో తేల్చడానికా లైసెన్సు తీసుకుంది, ఖర్మ! అసిస్టెంటు త్యాగరాజు మాత్రం ఆమె విసుగును కూడా భక్తిగా నోట్ చేసుకునేవాడు.

ఇది పెరుగు కాదు. చనిపోయిన అమ్మమ్మ నర్సాపురంలో చేత్తో అల్లిన టేబుల్ క్లాత్. రేపు యూనివర్సిటీ హస్తకళల ఎగ్జిబిషన్‌లో పెట్టాలి. నిన్న నిఖిల ఇంట్లో అందరికీ చూపించి, తాళం లేని సూట్‌కేసులో పెట్టింది. పొద్దున చూస్తే లేదు.

“ఫొటోకి ఓణీలా వేసుకుంటానన్నా, ఇవ్వలేదు. అంతమాత్రాన దొంగనా?” అని, ఝాన్సీలక్ష్మి ఆ ఇంటికి వెళ్లగానే రూమ్మేట్ సాత్విక విరుచుకుపడింది.

పై అంతస్తులో ఉండే ఓనర్ తల్లి లక్ష్మమ్మ రోజూ బట్టలు ఉతకడానికి బేస్‌మెంటుకు వస్తుంది. “పాలకొల్లులో ఉన్నప్పుడు నేనూ అల్లేదాన్నమ్మా. ఇప్పుడు సూదీ కనపడదు, దారమూ కనపడదు,” అంది. ఆమె బుట్టలో తెల్లదారం ఉండ ఉంది. ఝాన్సీలక్ష్మి కొస లాగి చూసింది. దారం నూడుల్స్‌లా వంకీలు తిరిగి ఉంది.

అందరినీ బేస్‌మెంట్ కిచెన్లో కూర్చోబెట్టింది.

“కొత్త దారం తిన్నగా ఉంటుంది. ఇది అల్లి విప్పిన దారం. సాత్వికయితే కత్తెర పెట్టేది. ఇదెక్కడా తెగలేదు. చివరి ముడి ఎక్కడుంటుందో తెలిసిన చెయ్యి విప్పింది. బామ్మగారూ, మిగతా లేసు ఎక్కడ?”

లక్ష్మమ్మ దిండు గలీబులోంచి లేసు తెచ్చింది. మూలన ఒక పువ్వు లేదు.

“అన్ని పువ్వులకీ ఎనిమిది రేకులు, దానికి ఏడు. వేలితో తడిమితేనే తెలిసిపోయింది. అంత పనిలో తప్పుంటే చెయ్యి ఊరుకోలేదమ్మా. సరిచేసి పెట్టేద్దామనుకున్నా. విప్పాను గానీ అల్లలేకపోయా.”

“అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా?” అంది ఝాన్సీలక్ష్మి.

నిఖిల ఏడ్చేసింది. “ఆ పువ్వు నేను అల్లింది, బామ్మగారూ. ఎనిమిదేళ్లప్పుడు, అమ్మమ్మ ఒళ్లో కూర్చుని. విప్పేస్తానంటే అమ్మమ్మే వద్దంది.”

లక్ష్మమ్మ తల కొట్టుకుని తనూ ఏడ్చింది.

“ఇద్దరూ ఏడుపు ఆపండి!” ఝాన్సీలక్ష్మి బామ్మగారి బుట్టలోని లేసు సూదిని నిఖిల చేతిలో పెట్టింది.

నిఖిల అల్లుతుంటే లక్ష్మమ్మ ఒక్కో రేకూ తడిమి లెక్కపెట్టింది. ఏడయ్యాయి. ఎనిమిదో దానికోసం ముసలామె వేలు కదిలింది. ఝాన్సీలక్ష్మి కళ్లెర్రజేసింది.

“చాలమ్మా,” అంది లక్ష్మమ్మ, వేలు వెనక్కి తీసుకుని. “ముడెయ్యి.”