పొగగొట్టం మీద డబ్బా

శ్మశానంలో శవం దొరకడం వింతేమీ కాదు. కానీ ఆ ఆగస్టు శనివారం హార్లో ఫాల్స్ సమాధుల తోటలో దొరికిన శవానికి పది చక్రాలున్నాయి.

ఎర్ర గ్యారిసన్ ట్రక్కు. 1977 మోడల్. ఒంటి మీద గీత లేదు. అద్దంలా మెరుస్తోంది.

ఇంజను మాత్రం చచ్చింది.

షెరీఫ్ ఆఫీసు ఇన్వెస్టిగేటర్ రోవీనా క్రాట్జ్ ఎనిమిదింపావుకి అక్కడికి చేరింది. అప్పటికే యజమాని ఎల్డన్ హ్యూస్టిస్ బానెట్‌కి చెంప ఆనించి ఏడుస్తున్నాడు. భార్య వదిలేసి వెళ్ళిన రోజున కూడా అతను ఇలా ఏడవలేదు. ఆ రోజు ట్రక్కు కడుక్కుంటున్నాడు.

"హత్య! ఇది హత్య, ఆఫీసరమ్మా! రాసుకో!"

"ముందు పక్కకి జరగండి. వేలిముద్రల మీద కన్నీళ్ళు కారుతున్నాయి."

రోవీనా ట్రక్కు చుట్టూ తిరిగింది. ఇంజన్లో నూనె లేదు. అడుగునుండే బిరడా తీసి, నూనె మొత్తం వంపేసి, ఆ తర్వాత ఇంజను స్టార్ట్ చేసి బిగుసుకుపోయేదాకా నడిపారు. బిరడా ట్రక్కు ఎక్కే మెట్టు మీద బుద్ధిగా కూర్చుని ఉంది.

మోకాళ్ళ మీద కూర్చుని ట్రక్కు కిందికి చూసింది. పచ్చగడ్డి. నూనె చుక్క లేదు.

పైకి చూసింది. పొగగొట్టం మీద ఒక డబ్బా బోర్లించి ఉంది.

ముందుకి చూసింది. బానెట్ చివర ఉండే ఇత్తడి కోడిపుంజు వెనక్కి తిరిగి, క్యాబిన్ వైపు చూస్తోంది.

ట్రక్కుకి రెండడుగుల దూరంలో సమాధి రాయి. మెర్ల్ వానెస్. రాయి ముందు తాజా పూలు నేల మీద పడి ఉన్నాయి. కాడలింకా తడిగా ఉన్నాయి.

గ్యారిసన్ ఆ ఊళ్ళో పుట్టిన ట్రక్కు. మొదట ఫైరింజన్లు చేశారు, తర్వాత పాలబళ్ళు, ఆ తర్వాత దుంగలూ, మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పూ మోసే పెద్దవి. కొనేవాడి కొలతలు తీసుకుని దర్జీ కుట్టినట్టు ఒక్కొక్కటీ కట్టి ఇచ్చేవారు. ఎండాకాలం క్యాబిన్ పొయ్యి, చలికాలం ఐసుపెట్టె. స్టీరింగ్ తిప్పితే భుజాలు ఊడొచ్చేవి. అయినా ఒకసారి గ్యారిసన్ నడిపినవాడు ఇంకో ట్రక్కు వైపు కన్నెత్తి చూసేవాడు కాదు. గ్యారిసన్ కొనడమంటే రెండో పెళ్ళి చేసుకోవడమేననీ, కాకపోతే రెండోదానితో ఊరేగడానికి మొదటామే భోజనం కట్టివ్వాలనీ అక్కడి ఆడవాళ్ళు అనుకునేవారు.

1977లో, గ్యారిసన్ ఎక్కని పెద్దమనుషులెవరో దూరపు ఊళ్ళో కూర్చుని సంతకం పెడితే ఫ్యాక్టరీ మూతపడింది. ఆఖరున గేటు దాటిన ట్రక్కు ఇదే. కొన్నవాడు మెర్ల్ వానెస్.

ట్రక్కులు మిగిలాయి. వాటితోపాటు ఒక ఆచారం మిగిలింది. గ్యారిసన్ యజమాని పోతే శవపేటిక తన ట్రక్కు మీదే వెళ్ళాలి. ఎప్పుడూ రోడ్డు చూసే కోడిపుంజుని ఆ రోజు క్యాబిన్ వైపు తిప్పుతారు. ఇక దారి చూసే పని లేదని.

"మెర్ల్ ఈ ట్రక్కు మీదే వచ్చాడా?" రోవీనా అడిగింది.

ఎల్డన్ ముక్కు తుడుచుకున్నాడు. "లేదు."

"ట్రక్కు మీకు అమ్మినప్పుడు ఏదో మాట తీసుకున్నాడని విన్నాను."

"ఆస్పత్రి మంచం మీద ఉన్నవాడు సవాలక్ష అడుగుతాడు. అన్నీ సరేనంటాం."

"ఏమడిగాడు?"

"చివరిసారి దాని మీదే తీసుకెళ్ళమన్నాడు. సరేనన్నాను. తీరా ఆ రోజు మబ్బు పట్టింది. ముందురోజే పాలిష్ పెట్టాను. వానలో తడిస్తే ఏం కావాలి?"

"ఆ రోజు వాన పడిందా?"

ఎల్డన్ ఆకాశం వైపు చూశాడు. "పడొచ్చు కదా!"

పడలేదు. ఏప్రిల్లో మెర్ల్ వానెస్ ఎవరో అద్దెకిచ్చిన నల్లకారులో, ఎండలో, ఈ తోటకి వచ్చాడు.

"ట్రక్కు ఎప్పుడు పోయింది?"

"ఆరింటికి ఫెయిర్ మైదానంలో ఉంది. ఏడింటికి లేదు. ఇవాళ గ్యారిసన్ల పండగ. ఒంటిగంటకి ఊరేగింపు. ముందు నడవాల్సింది ఇదే!"

"స్టార్ట్ చేస్తే చప్పుడు వినపడలేదా?"

"పొద్దున్నే మైదానం నిండా ఇంజన్లు వేడి చేస్తుంటారు. పెళ్ళిలో ఒక బాజా ఎక్కువైతే ఎవడికి తెలుస్తుంది?"

"తాళం?"

"ఒకటి నా దగ్గరుంది. ఇంకోటి పోయిందన్నాడు మెర్ల్."

"దీన్ని నడపగలిగేవాళ్ళు ఎంతమంది?"

ఎల్డన్ ఛాతీ విరిచాడు. "దీనికి రెండు గేరు రాడ్లు. రెండూ ఒకేసారి మార్చాలి. ఎడంచెయ్యి స్టీరింగ్ చక్రంలోంచి దూర్చి ఒకటి, కుడిచేత్తో ఇంకోటి. ఈ ఊళ్ళో ముగ్గురు మగాళ్ళం. నేను, బడ్ ల్యాంఫియర్, గేల్ స్ప్రౌల్. వాళ్ళిద్దరూ మెర్ల్‌కి ప్రాణమిచ్చేవాళ్ళు. ఇద్దర్లో ఎవడైనా సరే, వాణ్ణి జైల్లో కుళ్ళబెట్టాలి. కనికరం లేదు. వాడికి తొంభై ఏళ్ళున్నా సరే!"

బడ్ ల్యాంఫియర్‌కి డెబ్భై తొమ్మిది. ఫ్యాక్టరీలో టెస్ట్ డ్రైవర్. ఆఖరి ట్రక్కుని గేటు దాటించింది తనే. మైదానంలో మడత కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"పొద్దున ఆరు నుంచి ఏడు దాకా ఎక్కడున్నారు?"

"ఇక్కడే. ఈ కుర్చీలో."

"చూసినవాళ్ళు?"

"చూడనివాళ్ళు ఎవరో అడుగు. నా తుమ్ములు పక్క జిల్లాకి వినపడతాయి."

"ట్రక్కు మీరు తీశారా?"

బడ్ కుడిచేతిని చూపించాడు. మెడకి కట్టిన గుడ్డలో వేలాడుతోంది. భుజం ఆపరేషన్ అయి మూడు వారాలు. "చెంచా ఎత్తలేకపోతున్నానమ్మాయ్. కానీ ఎల్డన్‌గాడికి నేనే తీశానని చెప్పు. వాడి మొహం చూడాలనుంది."

మెకానిక్ గేల్ స్ప్రౌల్ ఫైర్ స్టేషన్ హాల్లో, పండగ ఫలహారాల దగ్గర ఉన్నాడు. ఏప్రాన్ నిండా పిండి.

"ఆరు నుంచి ఎనిమిది దాకా పెనం దగ్గరే ఉన్నాను. ఊరు ఊరంతా నా పాన్‌కేకులు తింది."

"మధ్యలో ఎటూ వెళ్ళలేదా?"

"వెళ్ళుంటే మాడేవి. మాడాయేమో అడుగు."

మాడలేదు. రోవీనా వాకబు చేసింది.

"ఇంకో మాట చెప్పు గేల్. పొగగొట్టం మీద డబ్బా ఎందుకు పెడతారు?"

"వాననీళ్ళు లోపలికి దిగి ఇంజను తుప్పు పడుతుందని. అందరం పెడతాం. ఎల్డన్ తప్ప. వాడు దానికి పేరు కుట్టించిన వెల్వెట్ టోపీ పెడతాడు."

చచ్చిన ఇంజనుకి వాన తగిలితే ఏం, తగలకపోతే ఏం? రోవీనా ఆ ప్రశ్న జేబులో వేసుకుని తీపి వంటల బల్ల దగ్గరికి వెళ్ళింది.

బల్ల వెనక మెర్ల్ భార్య ఒపల్ వానెస్. డెబ్భై నాలుగేళ్ళు. ఎండుకొమ్మలా సన్నగా ఉంటుంది. ఏటా ఆ పండక్కి, లోపల పళ్ళు కూరి రొట్టెలా కాల్చే బ్లూబెర్రీ పైలు చేసిపెట్టేది ఆవిడే.

"తిను అమ్మాయ్. ఖాళీ కడుపుతో దొంగలేం దొరుకుతారు?"

రోవీనా అలవాటుగా ఉఫ్ ఉఫ్ అని ఊదుకుని ముక్క నోట్లో పెట్టుకుంది. ఊదనక్కర్లేకపోయింది.

"ట్రక్కు సంగతి విన్నారా?"

"విన్నాను. పాపం." ఆ పాపం ఎవరికో ఆవిడ చెప్పలేదు. చాకు తుడిచి ఇంకో పై కోసింది.

రోవీనా మైదానంలోకి వెళ్ళింది. గ్యారిసన్లు బారులు తీరి నిలబడ్డాయి. ఆవిడ బళ్ళని చూడలేదు. మెడ ఎత్తి పొగగొట్టాల మీది డబ్బాలనే చూస్తూ నడిచింది. చిక్కుడుగింజల డబ్బా, సగం చిరిగిన బొమ్మతో. కాఫీ డబ్బా, తుప్పుతో. టమాటా డబ్బా, కందిరీగల గూడుతో సహా. బడ్ డబ్బాలో ఏదో ఎండిపోయి ఉంది. అది ఏమిటని ఆవిడ అడగలేదు.

మళ్ళీ సమాధుల తోటకి వెళ్ళింది. ట్రక్కు మీది డబ్బాని కింది నుంచి తేరిపార చూసింది.

కాగితం నానబెట్టి ఒలిచిన డబ్బా. తోమి కడిగిన డబ్బా. చెయ్యి కోసుకోకుండా అంచు చుట్టూ లోపలికి అణిచిన డబ్బా.

రోవీనా నేల మీది పూలని చూసింది. తర్వాత తోట గేటుకి ఎదురుగా ఉన్న తెల్ల ఇంటిని చూసింది. ఆ ఇంటి బట్టలారేసే తీగ మీద రొట్టెలు కాల్చే పెద్ద లోతుపళ్ళెం ఒకటి బోర్లా ఆరుతోంది.

పన్నెండింటికి ఫైర్ హాల్లో తలుపు వేయించింది. ఎల్డన్, బడ్, గేల్ ఒక బల్ల దగ్గర. ఒపల్ పైల దగ్గరే.

"ఎవడు? పేరు చెప్పు!" ఎల్డన్ బల్ల గుద్దాడు.

"చెప్తాను. ఈ పని చేసినవాళ్ళకి ట్రక్కు మీద కోపం లేదు. ఉంటే అద్దాలు పగిలేవి, రంగు గీరేవారు. నూనె వంపారు కానీ గడ్డి మీద చుక్క లేదు. మా ఆయన నూనె మార్చిన మరక మా వాకిట్లో ఆరేళ్ళుగా ఉంది. గేల్, మగాడెవడైనా నూనె కింద పళ్ళెం పెట్టి, చుక్క ఒలకకుండా తీసి, ఆ పళ్ళెం తోమి ఆరేస్తాడా?"

"తోమడమా?" అన్నాడు గేల్, జీవితంలో మొదటిసారి ఆ మాట విన్నట్టు.

"డబ్బా చూడండి. మీ డబ్బాలన్నీ చూసొచ్చాను, సిగ్గుపడండి. అది ఒక్కటే కడిగిన డబ్బా. పొద్దున్నదాకా మెర్ల్ సమాధి ముందు పూలు అందులోనే ఉండేవి. పూలు కింద పెట్టి డబ్బా తీసుకున్నారు. ఇక ఆఖరి మాట." రోవీనా వెనక్కి తిరిగింది. "ఒపల్ గారూ, తోట ఎదురుగా మీ ఇంటి తీగ మీద ఆ పళ్ళెం ఇంకా ఆరుతోంది. మీ బ్లూబెర్రీ పై ఏటా నాలుక కాలుస్తుంది. తెల్లారే లేచి కాల్చి వేడివేడిగా తెస్తారు. ఇవాళ నిన్నటిది తెచ్చారు. పొద్దున మీకు పొయ్యి దగ్గర నిలబడే తీరిక లేదు."

ఎల్డన్ పగలబడి నవ్వాడు. "ఈ ముసలావిడా? రెండు రాడ్ల గ్యారిసన్‌నా? ఈవిడ కారు కూడా వెనక్కి తీయలేదు!"

ఒపల్ చాకు కింద పెట్టింది.

"కారు వెనక్కి తీయడం నాకు నిజంగానే రాదు ఎల్డన్. ట్రక్కు వచ్చు. మెర్ల్ నడుము విరిగిన ఏడాది చలికాలమంతా రోడ్లకి ఉప్పు తోలింది ఎవరనుకున్నావు? ఊరి పొలిమేర రాగానే సీటు మార్చుకునేవాళ్ళం. నువ్వు నవ్వుతావని."

"మెర్ల్ ఉప్పు తోలిన ఇరవై రెండేళ్ళూ పక్కన కూర్చుని స్వెట్టర్లు అల్లుతున్నావనుకున్నామే!" అన్నాడు బడ్.

"అవీ అల్లాను. నువ్వు వేసుకున్నది అందులో ఒకటి."

"నా ట్రక్కుని చంపావు!" ఎల్డన్ మొహం ఎర్రబడింది.

"నీ ట్రక్కు కాదు. ఆయన ఎక్కాల్సిన ట్రక్కు. ఆయన దాని దగ్గరికి రాకుండా నువ్వు ఆపావు. అందుకని, పోయిందన్న ఆ రెండో తాళంతో దాన్నే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. మళ్ళీ వెనక్కి రాకుండా చూశాను. నూనె నీది, నాకొద్దు. పాల సీసాల్లో పోసి నీ సీటు వెనక పెట్టాను, చూసుకో."

"చంపినదానికి మళ్ళీ గొడుగెందుకు?" రోవీనా జేబులోని ప్రశ్న బయటికి తీసింది.

మొదటిసారి ఒపల్ తడబడింది. "ఆ డబ్బా దానిదే. ట్రక్కు పోయినా డబ్బా నా దగ్గర మిగిలింది. ఆయన ఇంజను ఆపడం, నేను చీపురు కర్రతో డబ్బా పెట్టడం. అదీ మా కాపురం. పొద్దున కూడా చెయ్యే పెట్టేసింది. ఇంటికొచ్చాక తెలిసింది. తీసేద్దామని మళ్ళీ గుమ్మం దాటాను."

"మరి తీయలేదేం?" రోవీనా అడిగింది.

"మబ్బు పట్టింది."



"అరెస్టు చెయ్యి," అన్నాడు ఎల్డన్. "కోర్టులో చూసుకుంటాను. గేల్, నీ లాగుడు బండి తియ్యి. ఊరేగింపు లోపల నా ట్రక్కు నాకు ఇక్కడుండాలి. చచ్చినా సరే, ముందు అదే ఉండాలి!"

ఆ బరువు లాగగల బండి జిల్లాలో గేల్ దగ్గర ఒక్కటే ఉంది. గేల్ ఏప్రాన్ విప్పి మడతపెట్టాడు. కిటికీ దాకా నడిచి ఆకాశం వైపు చూశాడు.

"వాన పడేట్టుంది ఎల్డన్. నిన్ననే పాలిష్ పెట్టాను."

బడ్ తుమ్మాడు. లేకపోతే అది నవ్వు.

"మరి రేపు?"

"రేపూ మబ్బే," అన్నాడు గేల్. "ఈ ఊళ్ళో నీకు చాలాకాలం మబ్బే."

రోవీనా ఒపల్‌ని కారు వెనక సీట్లో కూర్చోబెట్టింది. సంకెళ్ళు వెయ్యలేదు. ఆవిడ ఒళ్ళో ఒక బ్లూబెర్రీ పై ఉంది.

"శిక్ష పడొచ్చు ఒపల్ గారూ. కోర్టులో తప్పయిందంటే తగ్గుతుంది."

"అలాగైతే తగ్గదులే."

స్టేషన్‌కి దగ్గరి దారి వంతెన మీదుగా. రోవీనా చుట్టూ తిరిగి సమాధుల తోట పక్క నుంచి పోనిచ్చింది. గేటు దగ్గరికి వచ్చేసరికి నిజంగానే వాన మొదలైంది. పెద్ద పెద్ద చినుకులు. ఎల్డన్ పాలిష్ మీద నీళ్ళు పూసల్లా దొర్లిపోతున్నాయి. ఇత్తడి కోడిపుంజు క్యాబిన్‌నే చూస్తోంది.

రోవీనా కారు ఆపింది. ఇంజనూ ఆపింది.

డబ్బా మీద వాన టకటకలాడుతోంది.

ఒపల్ అద్దం దించి చెవి ఒగ్గింది. ఎంతోసేపు వింది. తర్వాత హాయిగా వెనక్కి వాలింది.

"ఇక పద అమ్మాయ్. లోపలికి చుక్క దిగదు."