అడ్డం ఇరవై ఆరు

"కొట్టారమ్మా, కొట్టారు! అన్ని గళ్ళూ నింపేశారు!"

టపా బాబాయి ఒక కార్డు ఊపుకుంటూ ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. పత్రికాఫీసులో ఉత్తరాలు విప్పే ఆయనకి జీతాల రోజున కూడా ఇంత హుషారు ఉండదు. ఆదివారం పేపర్లో ఆమె ఇచ్చే గళ్ళ పజిల్‌ని పదకొండు వారాలుగా ఒక్కరూ పూర్తిగా నింపలేదు. "ఇంత కష్టమైతే ఎవరాడతారమ్మా?" అని ఎడిటర్ గారు గొణగడం మొదలుపెట్టి నెలయింది.

ఆఫీసులో ఆమెని గళ్ళమ్మాయి అంటారు. ఆమె పజిల్లో ప్రతి మాటకీ రెండర్థాలు. 'ఒకరు పాడితే చప్పట్లు, నలుగురు పాడితే ధర పెరుగుతుంది' అంటే పాట. 'కట్టకపోతే నోటీసు, కట్టించుకుంటే నవ్వు' అంటే పన్ను. మొదట్లో ఎడిటర్ గారు అదిరిపడ్డారు. "రెండర్థాల మాటలా? మన పేపరు ఇంటిల్లిపాదీ చదువుతారు తల్లీ!"

ఆమె సంబరంగా కార్డు అందుకుని గడి గడికీ వేలు జరుపుతూ వచ్చింది. అడుగు వరసలో వేలు ఆగిపోయింది.

అడ్డం ఇరవై ఆరు: జల్లెడ.

జవాబు సరైనదే. కానీ ఎందుకో అనుమానమొచ్చి ఆదివారం పేపరు తీసి చూసింది. అందులో ఇరవై ఐదు దాకానే ఆధారాలున్నాయి. ఇరవై ఆరు ఉండాల్సిన చోట పరుపుల ప్రకటన కాళ్ళు చాపుకుని పడుకుంది. పైగా ఆ మూడు గళ్ళూ ఏ నిలువు మాటతోనూ కలవవు.

ఆధారమే అచ్చు కాలేదు. మరి జవాబు ఎలా వచ్చింది?

జవాబుల కాగితం చూసింది ఇద్దరే. ఒకరు ఆమె. రెండోవాడు పేజీలు పెట్టే అబ్బాయి. ప్రతి గురువారం ప్రూఫు పట్టుకుని ఆమె బల్ల దగ్గరికి వచ్చి, టీ తాగుతూ, "ఈ వారం నన్ను ఏడిపించే మాట ఏదండీ?" అని నవ్వే అబ్బాయి. ఆ పావుగంట కోసం ఆమె బుధవారమే బట్టలు ఇస్త్రీ చేసుకునేది.

కార్డు తీసుకుని తిన్నగా అతని దగ్గరికి నడిచింది.

"ఈ అడ్రసు మీకు తెలుసా?"

అతను కార్డు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "లే... లేదండీ."

"మూడో వీధి. నీలం గేటు ఇల్లు."

"ఊళ్ళో నీలం గేట్లు బోలెడు."

"మొన్న మీ చొక్కాకి నీలం రంగు అంటింది."

"అదా? ఇంకు."

"'మా అత్త గేటుకి రంగు వేయిస్తోంది' అని మీరే చెప్పారు! ఇంకు వేయించిందా?"

అతను కీబోర్డులో ఏదో పోగొట్టుకున్నట్టు వెతకసాగాడు.

సంగతి ఎడిటర్ గారి దాకా వెళ్ళింది. "రేపు మీటింగ్‌లోగా లీకు చేసిందెవరో నువ్వే తేల్చు. తేలకపోతే ఆ జాగాలో రాశిఫలాలు పెంచేస్తాను."

పేరు ఆమె నాలుక చివరే ఉంది. చెబితే అతని ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే తన గళ్ళు పోతాయి.

సాయంత్రం సన్నగా తుంపర పడుతుంటే నీలం గేటు తట్టింది. నుదుటి మీద కళ్ళజోడు, ముడిలో పెన్సిలు పెట్టుకున్న పెద్దావిడ తలుపు తీసింది. తనెవరో చెప్పగానే ఆవిడ నోరు తెరిచింది.

"గళ్ళమ్మాయివా! ఇంత చిన్నదానివా? ఆ మెలికలు చూసి ఏ రిటైరైన లాయరో అనుకున్నాను. మావాడు వయసు మాత్రం చెప్పడు."

మావాడు! అనుకున్నంతా అయింది.

"మీకు జల్లెడ అని ఎవరు చెప్పారండీ?"

"ఎవరు చెప్పాలి? నువ్వే చెప్పావు."

ఆవిడ ఒక నోట్‌బుక్ తెచ్చి ముందు పెట్టింది. పదకొండు వారాల పజిళ్ళు, అంచులు కత్తిరించి అంటించినవి. అన్నీ నిండి ఉన్నాయి. "అడుగు వరస చూసుకో. ప్రతి వారం అక్కడ వంటింటి సామాను ఒకటి పెడతావు. గరిటె, మూకుడు, తెడ్డు, మూత..."

ఆమె పేజీలు తిప్పింది. నిజమే! ఒక్క వారం కూడా తప్పలేదు. ఇన్నాళ్ళూ తనకే తెలియదు. అమ్మ వంట చేస్తుంటే పక్కన గట్టు మీద కూర్చుని గళ్ళు గీసుకోవడం ఆమె అలవాటు. అడుగు వరసకి వచ్చేసరికి మాటలు అయిపోయేవి. తలెత్తితే ఎదురుగా గోడ మేకులకి సామాను వేలాడుతూ ఉండేది.

"మూడు గళ్ళు. వంటింటి వస్తువు. రెండర్థాలుండాలి. జల్లెడ కాక ఇంకేముంది? పిండికీ పడతారు, దొంగ కోసం ఊరంతా పడతారు."

తను రాసిన ఆధారం ఇంచుమించు అదే. అయినా అనుమానం ముందు పుట్టి తర్వాత తను పుట్టింది. ఇదంతా మేనల్లుడు నేర్పిన పాఠం కాదని ఏమిటి నమ్మకం? వచ్చే వారం పజిల్ ఇంకా ఆమె సంచిలోనే ఉంది. ఎవరి కంటా పడలేదు.

"వచ్చే వారం అడుగు వరస నాలుగు గళ్ళండీ. చెప్పగలరా?"

ఆవిడ ముడిలోంచి పెన్సిలు తీసి, అయిపోయిన సామానంతా ఓసారి లెక్కేసుకుంది.

"పట్టకారు."

ఆమె సంచిలోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టింది. పట్టకారే!

సరిగ్గా అప్పుడే గేటు చప్పుడైంది. చేతిలో గొడుగు ఉండి కూడా తెరవడం మర్చిపోయి, జుట్టంతా తడుపుకుని వచ్చాడు అతను.

"నేను చూపించలేదండీ! ఒట్టు!"

"తెలిసింది. మరి అబద్ధమెందుకు?"

"సిబ్బంది బంధువులు పంపకూడదని రూలు. అత్త ఎప్పుడూ నింపి దాచుకునేది. ఈసారి నాకు చెప్పకుండా పోస్టు చేసింది. చెబితే నేనే జవాబులు ఇచ్చాననుకుంటారని..."

"అబద్ధం చెప్పాకే అనుకున్నాను."

"ఎందుకు పంపానో అడగవేం?" అంది అత్త. "ఎవరూ కొట్టలేదని ఎడిటరు ఆ పిల్లని సతాయిస్తున్నాడని అన్నం ముందు దిగాలుగా కూర్చున్నది నువ్వు కాదూ? చూడలేక పంపాను."

అతని చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి. "చివర్లో పరుపుల ప్రకటన వస్తే ఆధారాల పెట్టె కుదించాను. ఆధారం దాని కిందకి పోయింది. తప్పు నాది. రేపు ఎడిటర్ గారికి చెప్పేస్తాను."

ఆమె ఇంకా అనుమానంగానే చూసింది. "ఇంకేమైనా దాచారా?"

"ఒకటుంది. ప్రూఫు చూడ్డానికి ఐదు నిమిషాలు చాలు."

"మరి మిగతా పది?"

"టీ చల్లారేదాకా ఆగేవాణ్ణి."

"నా టీ కూడా ఎప్పుడూ చల్లగానే ఉండేది," అంది ఆమె. అని, కిటికీలోంచి తుంపరని చూసింది, అదేదో కొత్త వింతయినట్టు.

అత్త పెన్సిలు మళ్ళీ ముడిలో దోపుకుంది.

"రేపు పదింటికి ముగ్గురం ఆఫీసుకి వెళ్తున్నాం. ఈ నోట్‌బుక్ మీ ఎడిటరు ముందు పెట్టి, బహుమతి నాకొద్దని రాసిస్తాను. పదకొండున్నరకి అక్కణ్ణించి మీ ఇంటికి. మీ అమ్మకి చెప్పి ఉంచు."

"మా ఇంటికెందుకండీ?"

"ఆ మేకులకి ఇంకా ఏమేం వేలాడుతున్నాయో చూడొద్దూ? చూశాక మీ అమ్మతో వేరే మాటుంది. ఒరేయ్, నువ్వు ఆ రంగు మరకల చొక్కా కాకుండా తెల్లది వేసుకో!"