పడవకు ఆటో టాపు

"బోటుకు టాపు కుట్టాల."

గుమ్మంలో నిలబడిన అబ్బాయి మాటకు ప్రవళిక మిషను ఆపి తలెత్తింది. ఆళ్లగడ్డ బస్టాండు ఎదురుగా ఉన్న ఆ షాపులో ఆటోలకు టాపులు కుడతారు, ట్రాక్టర్లకు సీట్లు కుడతారు, కొత్త పెళ్లికొడుకుల బైకులకు తళతళలాడే కవర్లు కుడతారు. బోటు అనే మాట ఆ గోడలు వినడం అదే మొదలు.

"బోటు యాడుందన్నా?"

"నంద్యాల చెరువులో."

"మరి కొల్తలు? చెరువును ఈడికి తోలుకొస్తావా, నన్నే ఈదుకుంటా రమ్మంటావా?"

"కొల్తలు నేనే తెచ్చినా మేడం. పొడుగు ఇట్లాంటివి రెండు..." అంటూ అతను రెండు చేతులూ బారచాపాడు. కుడిచెయ్యి తగిలి, గోడకు వేలాడుతున్న సీటు కవర్ల వరుసంతా జలజలా రాలింది.

లోపలి గదిలోంచి ఆమె తండ్రి యాకోబు కేకేశాడు. "పాపా, ఏందీ అది? ఆటో గుద్దిందా?"

"లేదు నాయనా. కస్టమరు."

ఆ కస్టమరు పేరు యెషయా. డిగ్రీ పూర్తిచేసి, అందరూ ఉద్యోగం వెతుక్కోమంటే, ఎవరో అమ్ముతున్న చిన్న మోటారు బోటు కొనుక్కున్నాడు. కొన్న రోజు ఇంట్లో ఎవరూ నోరు విప్పలేదు. మర్నాటి నుంచి ఎవరూ మూయలేదు.

బోటు మంచిదే. పైన నీడ లేదు, అంతే. నంద్యాల ఎండలో దాని సీటు కాలిన దోసె పెనమే. జనం ముచ్చటపడి ఎక్కడం, కూర్చోగానే కెవ్వుమని లేవడం, అందరూ ఒక్కసారే లేస్తే బోటు ఊగడం, ఊగితే దిగి పారిపోవడం, రోజూ ఇదే వరస.

చూపు మసకబారాక యాకోబు కత్తెర కూతురికి అప్పగించి, సలహాలు మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు. పక్క వెల్డింగు షాపులో పైపులు వంచి ఫ్రేము చేయించారు. రంగు ఎంచడానికి యెషయా ఒకసారి వచ్చాడు. ఎంచిన నీలం ఇంకా నీలంగానే ఉందా అని చూసుకోవడానికి మరోసారి వచ్చాడు. షాపుకొచ్చే మగవాళ్లందర్నీ 'అన్నా' అని పిలిచే ప్రవళిక, ఆ రెండోసారి నుంచి అతన్ని ఏమీ పిలవకుండా మాట్లాడటం నేర్చుకుంది. కష్టమే. 'ఇదిగో', 'ఇట్ల సూడు'లతో నెట్టుకొచ్చింది.

టాపు తయారైంది. తండ్రీకూతుళ్లు దాన్ని చుట్టగా చుట్టి బస్సులో నంద్యాల తెచ్చి బోటుకు తొడిగారు. చూడముచ్చటగా ఉంది. ముందు తెరిచి, వెనక మూసి, ఆ మూసిన రెగ్జిన్ నడుమ చిన్న ప్లాస్టిక్ కిటికీ. కొత్త ఆటో టాపుకు ఏమేం ఉంటాయో అన్నీ ఉన్నాయి.

గట్టు మీద మొక్కజొన్న కంకులు కాల్చే నాగేశ్వరమ్మ మొదటి బేరంగా తను ఎక్కి, ఇంకో ముగ్గురిని ఎక్కించింది. నీడలో అందరూ దొరల్లా కూర్చున్నారు. యెషయా మాత్రం కనపడలేదు.

"డ్రైవరు యాడప్పా?" అందామె.

"ఈడుండా పెద్దమ్మా" అని మూసిన రెగ్జిన్ అవతలి నుంచి గొంతు వచ్చింది.

ఆ బోటుకు మోటారు వెనక కొసన ఉంటుంది. నడిపేవాడు దాని పక్కనే కూర్చొని పిడి పట్టుకోవాలి. అంటే నీడంతా ఎక్కినవాళ్లకు, ఎండంతా యెషయాకు. పాపం, నడుం వంచి, ప్లాస్టిక్ కిటికీకి ఒక కన్ను ఆనించి, నలుగురి తలల మీదుగా దారి చూస్తున్నాడు. లోపలివాళ్లకు ఆ కన్ను, సగం ముక్కు తప్ప ఇంకేమీ కనపడటం లేదు.

మోటారు రొదపెట్టింది. బోటు చెరువు నడిమికి పోయేసరికి ఎదురుగాలి లేచింది. ముందునుంచి దూరిన గాలికి వెనక దారి దొరక్క, టాపు పూరీలా పొంగింది. బోటు ఆగింది. ఆ తర్వాత ముందుకు మొహం పెట్టుకునే, ఎంతో మర్యాదగా, వెనక్కి రావడం మొదలుపెట్టింది.

"ఏమప్పా, అప్పుడే తిరుక్కున్యావా?" అంది నాగేశ్వరమ్మ.

"తిరుక్కోలేదు పెద్దమ్మా! ముందుకే పోతాండా!"

గట్టు మీద ప్రవళికకు చెరువులో దూకాలనిపించింది. ఈత రాదని గుర్తొచ్చి ఆగింది. అతను గట్టెక్కగానే తనే ముందు ఎగబడింది.

"బండన్నాక డ్రైవరు ముందర కుచ్చుంటాడు. నువ్వేందీ, పోయి ఎనకాల కుచ్చున్యావ్?"

"మోటారు ఆడుంది మేడం."

"ఆ ముక్క ముందే చెప్పొద్దా?"

"నువ్వు అడిగితివా? రంగొక్కటే అడిగితివి."

"రంగు నేనడగలే! నువ్వే వచ్చి వచ్చి చెప్తివి!"

యాకోబు దగ్గాడు. యెషయా చెవులు ఎర్రబడ్డాయి. ఎండకే అయివుండొచ్చు.

ప్రవళిక వెనక గుడ్డ కోసేసి, టాపును మోటారు దాకా పొడిగించి, అంచులకు బెల్టులు కుట్టి మళ్లీ తెచ్చింది. ఈసారి బోటు ముందుకే పోయింది. పోతుండగా చిటపటమని చినుకులు మొదలయ్యాయి. నీలం నీడ కింద యాకోబు, ప్రవళిక, యెషయా. చినుకుల చప్పుడులో యెషయా ఆమె వైపు చూసి ఏదో చెప్పబోయాడు. మధ్యలో యాకోబు కనపడ్డాడు.

"వాన" అన్నాడు యెషయా.

"అవును, వానే" అంది ప్రవళిక.

"ఒక్క చుక్క కారలేదు సూడు" అన్నాడు యాకోబు మీసం దువ్వుకుంటూ.

అప్పుడు జారింది ఆమె గుండె. ఇది కారదు, ఊడదు, చిరగదు. ఇంక ఈ మనిషికి ఆళ్లగడ్డలో పనేముంది? అతను నంద్యాలలో, తను ఆళ్లగడ్డలో. మధ్యలో ఎన్ని బస్సులు తిరిగితే ఏం లాభం, ఎక్కడానికి సాకు లేనప్పుడు?

గట్టుకు రాగానే "ఈ కొస బెల్టు సరిగ్గా పడలే, మళ్లా కుట్టాల" అని సూది తీసింది. రెండు పేటలతో గట్టిగా ఉన్న కుట్టును విప్పి, ఒంటిపేట దారంతో పైపైన కుట్టి వదిలింది. ఒక్క పెద్ద గాలి చాలు.

గాలి వచ్చింది. ఆళ్లగడ్డలో షాపుల బోర్డులు ఎగిరాయి. యాకోబు కుర్చీ తనంతట తానే రోడ్డు దాటింది. నంద్యాల నుంచి మాత్రం ఎవరూ రాలేదు. తన ఒంటిపేట కుట్టుకు అంత బలముందని తెలిసి, ప్రవళికకు జీవితంలో మొదటిసారి తన పనితనం మీద కోపమొచ్చింది.

ఆశ వదులుకున్నాక ఒక మధ్యాహ్నం, టాపు భుజానేసుకొని యెషయా బస్సు దిగాడు. మొహంలోకి దిగులు తెచ్చుకోవాలని చూస్తున్నాడు, కుదరడం లేదు.

"చినిగిపోయింది మేడం. గాలికి."

ఆమె ఆత్రంగా టాపు పరిచి కొస బెల్టు వెతికింది. అది నిక్షేపంగా ఉంది. చిరిగింది నట్టనడిమి కుట్టు, ఎద్దులు లాగినా రానిది. అదీ గీత గీసినంత నున్నగా.

"ఇదేందీ! చినగాల్సింది ఆడ గదా, ఈడ చినిగిందే!" అనేసింది.

అని, నాలుక కరుచుకుంది.

"యాడ చినగాల్సింది?" అన్నాడు యెషయా నెమ్మదిగా.

ప్రవళిక బెల్టును అరచేత్తో కప్పింది. అతను పక్కనుంచి కొస పట్టుకొని లాగాడు. అన్ని గాలులకూ ఆగిన బెల్టు ఇంచక్కా ఊడి చేతికొచ్చింది.

"నువ్వు బ్లేడు పెట్టి కోసినావ్ గదా?" ఆమే ముందు దాడికి దిగింది. "గాలి యాడన్నా ఇంత నున్నగా కోస్తాదా?"

"కోసినా. ఇది ఊడేదుందని చెప్పింటే నాకు బ్లేడన్నా మిగిలేది."

"ఎందుకు కోసినావ్?"

"నిన్ను సూసి పోదామని." అతను బెల్టును వేళ్లకు చుట్టుకుంటూ అడిగాడు. "నువ్వు దీన్ని ఇట్లెందుకు కుట్టినావ్?"

"నువ్వెందుకు కోసినావో, అందుకే."

లోపలి నుంచి యాకోబు వచ్చాడు. కళ్లద్దాలు పెట్టుకొని, చిరిగిన చోటునూ ఊడిన చోటునూ వేలితో తడిమి చూశాడు.

"ఒకరు కోసి, ఒకరు కుట్టీకుట్టకుండా ఇడిచి... ఇద్దరూ జేరి నా షాపు పేరు చెరువులో ముంచుతాండారే!"

ఆయనే మిషను ముందు కూర్చొని, మసక చూపుతోనే రెండు చోట్లా కుట్టు మీద కుట్టు వేశాడు. "ఇంక ఇది నేను పోయినాంక గూడా ఊడదు."

యెషయా మొహం వాడిపోయింది.

"బాగా కుడితే ఏడుపు మొగం పెట్టే కస్టమర్ని నిన్నే సూస్తాండానప్పా. ఆదివారం మందిరం అయినాంక మీ అమ్మానాయనను పిల్చుకొని ఇంటికి రా. దానికి యాడా బ్లేడు పెట్టాల్సిన పన్లేదు."

యెషయా ఆయనకు రెండుసార్లు వందనాలు చెప్పి, ప్రవళికకు ఏం చెప్పాలో తెలియక ఆమెకూ వందనాలే చెప్పి, టాపు భుజానికెత్తుకొని, రోడ్డు దాటి, కదులుతున్న బస్సెక్కేశాడు.

"పాపా, అది కడప బస్సు గదా?"

ప్రవళిక పరిగెత్తింది. "ఏయ్! అది కడపకు పోతాది! బేగా దిగు!"

యెషయా కిటికీలోంచి చూశాడు. తనకు టాటా చెప్పడానికే అంత దూరం పరిగెత్తి వచ్చిందనుకున్నాడు. సంతోషం పట్టలేక టాపు కొసను జెండాలా ఊపుతూ కడప వైపు వెళ్లిపోయాడు.

యాకోబు తల పట్టుకున్నాడు. "వీనికా నేను పిల్లనిచ్చేది?"

"ఇంటికి రమ్మంటివి నాయనా, ఇంక మాట మార్చాకు" అంది ప్రవళిక రోడ్డు వంకే చూస్తూ. "దారి నేను చెప్పుకుంటాలే."