ఆరో అంకె

కాలేజీలో లెక్కల మాస్టారి గదికి కిటికీ లేదు. తలుపు తీస్తే సుద్దపొడి వాసన, దానికింద ఏదో చెమ్మ వాసన. ఆ గది ఊడ్చేది ఆయమ్మ. నలుగురిలో నోరు విప్పాలంటే చెమటలు పట్టే మనిషి.

బోర్డు మీద పందొమ్మిది అంకెల సంఖ్య రాసి, కింద 'తుడవొద్దు' అని పెట్టారు మాస్టారు.

"ఇది ఏ ఎక్కంలోనూ పోదు ఆయమ్మా. ఒకటో ఎక్కం, దాని సొంత ఎక్కం తప్ప. నాలాగే మొండిది," అని నవ్వేవారు.

పోయిన వారం ఆ కుర్చీలోనే కన్నుమూశారు. శిష్యులు వచ్చి చూసేదాకా ఆయన చేతిరాత చెదరకూడదని పెద్ద మేడమ్ తాళంచెవి ఆయమ్మకిచ్చింది.

ఆ రోజే బూజు దులుపుతుంటే తడిగుడ్డ తగిలి ఆరో అంకె చెరిగిపోయింది. చెబితే పని పోతుంది. గుర్తున్నంతలో తొమ్మిది అని దిద్దేసి, తాళం వేసింది.

మర్నాడు సంఖ్య కింద చిన్నగా 78 అని ఉంది. ఆ మర్నాడు పక్కనే, 3 × 26.

"తాళంచెవి నీ దగ్గరేగా," మేడమ్ ఎగాదిగా చూసింది. "మరి నేను రాశానా?"

"నాది నాలుగో తరగతి చదువు మేడమ్."

"అంకెలు వేయడానికి అది చాల్లే. ఇంకోసారి కనిపిస్తే రేపట్నుంచి రానక్కర్లేదు."

మధ్యాహ్నం ఆయమ్మ బోర్డు ముందు నిలబడింది. అంకెలన్నీ కూడితే వచ్చేది మూడో ఎక్కంలో పోతే, సంఖ్య మొత్తం పోతుంది. బళ్ళో నేర్చుకున్న కిటుకే. వేళ్ల మీద కూడింది. డెబ్బై ఎనిమిది.

ఏ ఎక్కంలోనూ పోనిది మూడో ఎక్కంలో పోతోంది. తను దిద్దిన తొమ్మిదే తప్పు. అది ఎవరికో తెలుసు.

గదిలో మిగిలిన ఒకే ఒక కొత్త సుద్దముక్కను చీర మీద వేసుకునే పని కోటు జేబులో వేసి బొత్తాం పెట్టుకుంది. ఇక ఎలా రాస్తారో చూద్దాం అనుకుంది.

కరెంటు పోయింది.

చీకటి. చెమ్మ వాసన దగ్గరికొచ్చింది. కుర్చీ కిర్రుమంది...

"మాస్టారూ... నేనే చెరిపాను. తప్పయిపోయింది."

టక్... టక్... సర్రుమని గీత. ఆగింది. మళ్ళీ మొదలైంది. చాలాసేపు... తన వెనకాలే.

వెలుగొచ్చింది. 78, 3 × 26 రెండూ లేవు. ఆరో అంకె నాలుగు.

పరుగున పోయి మేడమ్‌కి ఉన్నదంతా చెప్పేసింది. మేడమ్ మాస్టారి నోటుపుస్తకం తెచ్చి బోర్డుతో సరిచూసింది.

"అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ నాలుగు కూడా ఆయన రాతే. పిచ్చిదానా, నువ్వు చెరిపిందేదీ? పో, పని చూసుకో."

పని నిలబడింది. ఆయమ్మ ఊపిరి పీల్చుకుని జేబు తడుముకుంది. బొత్తాం పెట్టింది పెట్టినట్టే ఉంది. లోపల సుద్దముక్క గోరంత మిగిలింది. వెచ్చగా ఉంది.

ఒక్క నాలుగు వేస్తే ఇంత అరుగుతుందా?

గుమ్మం వైపు తిరిగింది.

"ఆయమ్మా, కదలకు." మేడమ్ గొంతు మారిపోయింది. "నీ కోటు వీపంతా అంకెలే... కింద 'తుడవొద్దు' అని ఉంది."