మానకూడని గాయం

"కంట్లో ప్రెషర్ మళ్ళీ పెరిగింది..." అని కంటి డాక్టరమ్మ అనగానే కోడలు పక్కనున్న అత్తయ్య చెయ్యి పట్టుకుంది. అత్తయ్యకు నీటికాసుల జబ్బు, అదే గ్లకోమా. ఎడమ కన్ను ఎప్పుడో చీకటైపోయింది. మిగిలిన కుడి కంటికి కిందటి నెలలో ఆపరేషన్ చేశారు. ఆ ఒక్క కంటి మీదే కదా ఆవిడ ఆశలన్నీ! మళ్ళీ కుట్టు మిషను ముందు కూర్చోవాలని ఎంత తపనపడుతోందో!

"చుక్కలు మానెయ్యలేదు కదా?"

కోడలు నిజంగానే మానేసింది! ఇంటికి పంపేటప్పుడు నర్సు "మేం మానమనే దాకా వెయ్యండి" అంది. ఆ కంగారులో తనకు వినబడింది "మానే దాకా" అని! ఎరుపు తగ్గింది, నీరు కారడం ఆగింది, గాయం మానిపోయింది, ఇంకా మందెందుకు అనుకుంది పిచ్చిది. ఇంటిల్లిపాదికీ ఆ కబురు చెప్పి మురిసిపోయింది కూడా.

"మానిందనే... ఆపేశానండీ," అంది కోడలు.

"అయ్యో, ఈ ఆపరేషన్‌లో గాయం పూర్తిగా మానకూడదమ్మా! కంట్లో నీరు బయటికి పోవడానికి చిన్న దారి చేశాం. ఒళ్ళు దాన్ని దెబ్బే అనుకుని పూడ్చేస్తుంది. పూడకుండా ఉండడానికే ఆ చుక్కలు."

"గుండీ కాజాలాగా అన్నమాట," అంది అత్తయ్య మెల్లగా. "అంచులు కుట్టాలి గానీ నోరు మూసెయ్యకూడదు."

డాక్టరమ్మ తలూపింది గానీ నవ్వలేదు. "లేజర్‌తో ఒక కుట్టు వదులు చేసి, పక్కన సూదిమందు వేస్తాను. దారి తెరుచుకుంటే సరే. లేకపోతే మళ్ళీ ఆపరేషనే. ఈలోగా పోయే చూపును మాత్రం ఎవరం తెచ్చివ్వలేం."

అత్తయ్యను లోపలికి తీసుకెళ్ళారు. తలుపు మూసుకోగానే, అంతసేపూ వెనక నిలబడి విన్న ఆడపడుచు విరుచుకుపడింది.

"నీ కన్నతల్లయితే ఇలాగే మందు ఆపేసేదానివా వదినా?"

ఆ మాట సూటిగా వచ్చి గుచ్చుకుంది. తనకు తల్లి లేదని, ఆ లోటు తీర్చింది ఈ అత్తయ్యేనని ఆడపడుచుకు తెలియదా! కానీ తప్పు తనదే. చూపు పోయి గోడ తడుముకుంటూ నడిచే అత్తయ్యే కళ్ళ ముందు మెదులుతోంది. దేవుడా, కావాలంటే నా కళ్ళు తీసుకో... అని కొంగు నోట్లో కుక్కుకుని కుమిలిపోయింది.

తలుపు తెరుచుకుంది. "ప్రెషర్ కొంచెం దిగింది. ఇప్పుడే సంబరపడకండి, రేపు మళ్ళీ చూడాలి," అంది డాక్టరమ్మ. "చుక్కలు ఇప్పటినుంచే మొదలుపెట్టండి."

ఆడపడుచు చటుక్కున సీసా అందుకుంది. "ఇక నేనే వేస్తానమ్మా!"

"మీ వదినకివ్వు," అంది అత్తయ్య బయటికొచ్చి బల్ల మీద కూర్చుంటూ.

"వద్దత్తయ్యా! నా చేతులు చూడండి, ఎలా వణుకుతున్నాయో... నాకు భయంగా ఉంది!"

"నాకు మాత్రం లేదనుకున్నావా? లోపల కాళ్ళు చల్లబడిపోయాయి. రేపు పొద్దున నీ ముఖం కనబడుతుందో లేదోనని..." ఆడపడుచు తల దించుకుని సీసా వదిన చేతిలో పెట్టింది.

అత్తయ్య తల వెనక్కి వాల్చి, రెండు చేతులతో బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. కన్ను పెద్దగా తెరిచింది.

"వెయ్యమ్మా. నువ్వు వణికితే వణుకు. నేను కదలను."