నడిమి గడి

"నాలుగింటికి అధ్యక్షుడు టిక్కు పెడతాడు. నాలుగూ ఇరవైకి మిస్సైల్ బయల్దేరుతుంది. ఇప్పుడు టైము రెండూ ఐదు," అంది రొవీనా స్టాక్. గూఢచారి శాఖలో లైల్ మెరిక్‌కి ఆమే పై అధికారి.

లైల్ బల్ల మీది ఉపగ్రహ ఫోటోని వేలితో పొడిచాడు. సాన్ ఒరెల్ రేవులో ఆరో గిడ్డంగి. "ఇందులో ఆయుధాల్లేవు మేడమ్. తుపానుకి ఇళ్ళు పోయిన నలభై కుటుంబాలున్నాయి. తొమ్మిది రోజుల కిందట అక్కడే కూర్చుని కాఫీ తాగాను. మనకి కబుర్లు పంపే నెస్టర్ పెళ్ళాం బిడ్డలతో అందులోనే ఉన్నాడు."

"తెలుసు. ఆయుధాలున్నాయని చెప్పిన 'నీలిపిట్ట' అనే మనిషే లేడు. ఆ పేరుతో రాసేది ఒక విదేశీ ముఠా. మనం పేలిస్తే ఊరు మన మీద తిరగబడుతుంది. ఆ గొడవలో రేవు వాళ్ళ చేతికొస్తుంది. ఇక్కడ వాళ్ళ మనిషి సెలెస్ట్ వారెన్."

లైల్ తెల్లబోయాడు. అధ్యక్షుడికి సలహాపత్రాలు రాసే సెలెస్ట్! ఆకుపచ్చ పట్టు స్కార్ఫు, ఒక్క నవ్వుతో సెనేటర్ల చేత మాట మరిపించే సెలెస్ట్!

"రుజువుందా?"

"ఉంది. బయటపెట్టాలంటే ఏడు ఆఫీసుల సంతకాలు కావాలి. మూడయ్యాయి. మిగతావి రేపట."

"రేపటికి నెస్టర్ ఉండడు మేడమ్!"

"నా మీద అరవకు. నేను పొద్దుట్నించీ అందరి మీదా అరుస్తూనే ఉన్నాను."

మూడింటికల్లా లైల్ అధ్యక్షుడి భవనంలో కాగితాలు తిప్పే గుమాస్తా అయిపోయాడు. బూడిదరంగు కోటు, కెమెరా దాచిన కళ్ళద్దాలు. ఆ కళ్ళద్దాలు గుమ్మం దగ్గరే ఆగిపోయాయి. లోపలికి యంత్రాలు నిషేధమంటూ కాపలావాడు వాటిని ఫోన్ల అరలో పడేశాడు. వరండాలో అసలు గుమాస్తా ఎదురొచ్చింది. ఆమె రొవీనా మనిషే.

"పావురాలు ఎగిరాయా?" అని గుర్తుమాట అన్నాడు లైల్.

"రెక్కలు తడిశాయి," అంటూ ఫైలు చేతిలో పెట్టింది.

ఫైల్లో మూడు దారులు, మూడు గడులు. ఒకటి, చర్చలు. రెండు, ఒకే ఒక్క మిస్సైల్. మూడు, సైన్యాన్ని దింపడం. లైల్ పళ్ళు నూరాడు. వాషింగ్టన్‌లో పనితెలిసినవాళ్ళు తమకి కావలసింది నడుమ పెట్టి, అటొకటి ఇటొకటి ఎవరికీ మింగుడుపడనివి పెడతారు. ఈ అధ్యక్షుడు మూడేళ్ళుగా నడిమి గడి తప్ప ఎరగడు.

బయటి హాల్లో జనరల్ బాస్కమ్, సీనియర్ రాయబారి ఎల్స్‌వర్త్ కొట్టుకోవడమొక్కటే తక్కువ.

"నోటితో చెబితే వినేవాళ్ళయితే ఈపాటికి వినుండేవాళ్ళు!" అన్నాడు జనరల్. "ఒక్కటి తగిలిస్తే దారికొస్తారు."

"తగిలించాక మాట్లాడ్డానికి అవతల మనిషంటూ మిగలాలిగా?"

"మీరు ముప్ఫయ్యేళ్ళుగా విందులు తింటూ మాట్లాడుతూనే ఉన్నారు."

"మీరు గెలిచిన ఊళ్ళని ముప్ఫయ్యేళ్ళుగా నేనే ఊడుస్తున్నాను!"

"సార్, గిడ్డంగిలో కుటుంబాలున్నాయి," అన్నాడు లైల్.

ఇద్దరూ ఒకేసారి తిరిగారు. "సంతకాలయిన కాగితముందా?"

లైల్‌కి ఒళ్ళు మండిపోయింది. రెండేళ్ళుగా యుద్ధమా మాటలా అని వాదించుకుంటున్న పెద్దమనుషులు ఇద్దరూ ఏకమైంది ఈ ఒక్క ప్రశ్న దగ్గరే. సరే, నిజంతో కాని పని పౌరుషంతో అవుతుందేమో చూద్దామనుకున్నాడు.

జనరల్ చెవి దగ్గర వంగాడు. "మూడోది చూశారా? సైన్యాన్ని దింపమని మీరే అన్నట్టుంది."

"నేనా? నా కుర్రాళ్ళని ఆ బురదలోకా? కొట్టెయ్ దాన్ని!" జనరల్ తనే కొట్టేసి సంతకం గిలికాడు.

తర్వాత రాయబారి. "రేవుని పూర్తిగా వదిలేసి రావడమన్న దారి కాగితంలోనే లేదేమని రేపు పత్రికలవాళ్ళు అడిగితే, ముందు వచ్చేది మీ పేరే సార్."

"రాయవయ్యా, రాయి. అన్నిటికన్నా పైన రాయి."

మూడూ యాభై ఎనిమిదికి కొత్త కాగితం టైపయింది. ఒకటి, వదిలేసి రావడం. రెండు, చర్చలు. మూడు, మిస్సైల్.

అధ్యక్షుడి గది తలుపు దగ్గర సెలెస్ట్ ఫైలు తెరిచింది. ఆమె ముఖంలో నెత్తుటి చుక్క లేదు. గుమాస్తా కోటులో ఉన్న లైల్ వైపు చూసింది, గుర్తుపట్టింది.

"ఇది నేను రాసింది కాదు! ఆపండి!"

"నేనే మార్చాను," అన్నాడు జనరల్. "అభ్యంతరమా?"

"నేను కూడా," అన్నాడు రాయబారి. "ఎందుకమ్మా అంత కంగారు?"

తలుపు తెరుచుకుంది. నిమిషంలో ఫైలు తిరిగొచ్చింది. టిక్కు నడిమి గడిలో ఉంది.

లైల్ గోడకి జారబడ్డాడు. నలభై కుటుంబాలు బతికాయి. ఎందుకు బతికాయో ఈ భవనం పెద్దల్లో ఒక్కడికీ తెలియదు. అటు పక్క జనరల్, రాయబారి అప్పుడే ఇరాన్ గురించి మొదలుపెట్టారు.

ఏడో సంతకం మర్నాడు మధ్యాహ్నం పడింది. వెంటనే సెలెస్ట్‌ని ఏం చేయాలన్న కాగితం లైల్ బల్ల మీదికొచ్చింది. ఒకటి, సన్మానం. రెండు, అరెస్టు. మూడు, కాల్చివేత.

లైల్ జీవితంలో మొదటిసారి, చదవకుండానే నడిమి గడిలో టిక్కు పెట్టాడు.