ముట్టుకోకూడని గుమ్మడికాయ

“ఇంజనీరు బతకాలి. ఏజెంట్ ఎల్ అవసరమైతే చావొచ్చు. అర్థమైందా?”

మద్రాసు గూఢచారి శాఖ ఆఫీసులో చీఫ్ చెప్పిన ఆ రెండో మాటకు కారణం ఎదురుగా నిలబడ్డ జీవానందమే. ‘ఏజెంట్ ఎల్ శత్రువుకు అమ్ముడుపోయినట్టు అనుమానం’ అని పదిరోజుల కిందట రిపోర్టు పెట్టింది అతడే. రుజువేదీ అంటే లేదు. పద్దెనిమిదేళ్ల సర్వీసులో నమ్మినవాళ్లు ఇద్దరు అతణ్ణి నట్టేట ముంచారు. ఇక మూడోవాళ్లకు ఆ అవకాశం ఇవ్వదలచుకోలేదు, అంతే.

ఏజెంట్ ఎల్ అంటే ప్రేమలీల. 1958లో నెల్లూరు కాలేజీలో చదువుకుంటున్న పిల్లను ఈ పనిలోకి లాగింది కూడా ఈ పెద్దమనిషే. “పక్కవాణ్ణి నమ్మడమే అసలు ధైర్యం” అని ఆవేశంగా లెక్చరిచ్చాడు. అప్పట్లో ఆ మాట మీద అతడికీ నమ్మకముండేది. తొమ్మిదేళ్లుగా ఆమె నల్లకళ్లజోడు, నైలాన్ చీరతో ఒక విదేశీ ముఠాలో తిరుగుతూ, వాళ్ల గుట్టంతా అతడికి చేరవేస్తోంది.

ఆ ముఠా ఇప్పుడు రాడార్ స్టేషన్ కోసం తీరం సర్వే చేస్తున్న ఇంజనీరు పద్మనాభయ్య మీద గురిపెట్టింది. ఆదివారం బోగోలు దగ్గరి ఒక పల్లె చర్చిలో కోతపండుగకు ఆయనే అతిథి.

ఆదివారం పొద్దున జీవానందం బైబిళ్లమ్మే చెవిటి ముసలాయన వేషంలో పందిరి పక్కన కూర్చున్నాడు. చెవిలో ఉన్నది చెవిటి మిషన్ కాదు. దగ్గరికి తెస్తే గడియారం చప్పుడును కూడా పట్టే మైక్రోఫోను. వేదిక మీద పద్మనాభయ్య కూర్చున్నాడు. ఆయన ముందు వడ్లు, అరటిగెలలు, కోళ్లు, ఎండుచేపలు, గుమ్మడికాయలు కుప్పగా ఉన్నాయి. దేవుడికి తెచ్చిన కానుకలను పాస్టరుగారి ప్రార్థన అయ్యేదాకా ఎవరూ ముట్టుకోరు.

ప్రేమలీల వచ్చి ఒక బైబిలు తిరగేసింది.

“కాలవలో నీళ్లు ఎట్లున్నాయి?”

“ఉప్పగా ఉన్నాయి.”

కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. “పెద్ద గుమ్మడికాయలో టైమ్ బాంబు సార్. పదకొండూ ఇరవైకి పేలుతుంది. పెట్టినోడు గేటు దగ్గరున్న ఫోటోగ్రాఫరు డేవిస్. నేను ముట్టుకుంటే వాడికి తెలిసిపోతుంది. మీరు తీయండి.”

టైము పదకొండూ అయిదు.

ఇంత సులువుగా చెప్పిందంటే ఇందులో ఏదో ఉంది, అనుకున్నాడు జీవానందం. తను గుమ్మడికాయతో కుస్తీ పడుతుంటే అసలు బాంబు ఇంజనీరుగారి జీపులో పేలాలన్నది వీళ్ల ప్లాను కాబోలు! ఆమెకు తలూపి, నేరుగా జీపు దగ్గరికి నడిచాడు. సీట్ల కింద దూరాడు. ఇంజను తెరిచి చెవి పెట్టాడు. ఏమీ లేదు. పదకొండూ పదహారు.

పందిట్లో గోల లేచింది.

“ప్రార్థన కాలేదు! ముట్టుకోబాకమ్మా!” సంఘపెద్ద జకరయ్య అరుస్తున్నాడు.

ప్రేమలీల గుమ్మడికాయను కడుపుకు హత్తుకుని పరిగెడుతోంది. తొమ్మిదేళ్ల రహస్యం ఊరందరి ఎదుటా బట్టబయలైంది. అయినా జీవానందానికి తోచింది ఒక్కటే: పారిపోతోంది. రివాల్వర్ తీసి ఆమె గుండెకు గురిపెట్టాడు.

“సార్, నావల్ల కావడం లేదు, పట్టుకోండి!” అంటూ ఆమె అతడివైపే వచ్చింది.

టిక్. టిక్. టిక్. మైక్రోఫోను చెవిలో మోగింది.

రివాల్వర్ వదిలేసి కాయను రెండోపక్క పట్టి ఉరికాడు. ఇద్దరూ కలిసి దాన్ని చర్చి వెనకున్న బకింగ్‌హాం కాలవలోకి విసిరారు. అది నీళ్లలో మునిగిందో లేదో, కాలవ నీళ్లు కొబ్బరిచెట్టంత ఎత్తుకు లేచాయి. పందిరి మీద బురద వాన కురిసింది. జనంలో కలిసిపోయి ఉన్న మఫ్టీ పోలీసులు గేటు దగ్గర డేవిస్‌ను పట్టుకున్నారు.

ప్రేమలీల కళ్లజోడు తీసి బురద తుడుచుకుంది.

“రివాల్వర్ నామీదికే కదా సార్?”

అబద్ధం అతడి నాలుక చివర సిద్ధంగానే ఉంది. ఎందుకో రాలేదు. “నీమీదికే. నీమీద పదిరోజుల కిందటే రిపోర్టు కూడా రాసినా.”

“నేను చెప్పింది నమ్మలేదా?”

“లేదు.”

ఆమె తిట్టినా బాగుండేదనిపించింది అతడికి. కాలేజీ వరండాలో కళ్లు విప్పార్చుకుని తన లెక్చరు విన్న పిల్ల గుర్తొచ్చి, తలెత్తి చూడలేకపోయాడు. ఆమెకు ఇంత మోసం ఆ డేవిస్ కూడా చేయలేదు.

జకరయ్య రెండు గ్లాసుల్లో టీ తెచ్చాడు. జీవానందం ఒకటి అందుకుని ఆమెకు ఇవ్వబోయాడు. ఆమె చెయ్యి చాపలేదు.

“ముందు మీరు తాగండి సార్.”

అతడు ఒక గుక్క తాగాడు. ఆమె కొంచెంసేపు ఆగి, అతడికేమీ కాలేదని చూసుకుని, అప్పుడు గ్లాసు అందుకుంది. ఏజెంటుగా ఆమె ట్రైనింగు ఆ పూటతో పూర్తయింది.